బందిపోటు కిన్నెర, పోలీసు పాట
(పాట నడిచిన తొవ్వ – 9వ భాగం)

2021 సెప్టెంబరు 2. పవన్ కల్యాణ్ పుట్టినరోజు. ‘భీమ్లా నాయక్’ సినిమా టైటిల్ పాట ఆ రోజే బయటికొచ్చింది. అభిమానులు కాచుకుని కూర్చున్నది సంగీత దర్శకుడు తమన్ దరువు కోసం. కానీ పాట తెరుచుకుంటూనే వినిపించింది ఒక కిన్నెర. దాని వెనకే, రికార్డింగ్ థియేటర్లకు అలవాటు లేని ఒక ముదురు గొంతు. ఈ భీమ్లా ఏ గుట్ట కాడ పుట్టాడు, ఏ తండా వాడు, తల్లి ఎవరు, తండ్రి ఎవరు, తాత ముత్తాతల పేర్లేమిటి అని వరుసపెట్టి చెప్పుకుపోయింది ఆ గొంతు. ఆ వరుస అయిపోయాక గానీ డ్రమ్ములకు దారి దొరకలేదు.

పాడినది దర్శనం మొగులయ్య. ఊరు నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట. అచ్చంపేట చుట్టుపక్కల వాళ్లకు ఆయన కొత్త మనిషేం కాదు. జాతరల్లో, ఊరి రచ్చకట్టల మీద, బస్సుల్లో విన్నవాళ్లు చాలామందే ఉన్నారు. మిగతా తెలుగు లోకానికి మాత్రం ఆ రోజే తెలిశాడు. ‘పన్నెండు మెట్ల కిన్నెర’ అనే మాట అప్పటిదాకా జానపద పరిశోధకుల వ్యాసాల్లో ఉండేది. ఆ సాయంత్రానికి టీ కొట్ల దగ్గరికి వచ్చేసింది.

గత భాగంలో ఈ జిల్లావాడే, తెలకపల్లి మండలం గౌరారం గోరటి వెంకన్న పాట 2002లో ‘కుబుసం’ సినిమాలోకి ఎలా నడిచి వెళ్లిందో చెప్పుకున్నాం. అక్కడ పాట రాసినవాడు పేరున్న కవి. సినిమా ఆయన దగ్గరికి వచ్చి అడిగి తీసుకుంది. ఈసారి సంగతి వేరు. వాద్యం వేరు, కులం వేరు, బేరం వేరు. కరెంటు మీద నడిచే కొత్త సంగీతం, కరెంటు ఎరగని పల్లె వాద్యం దగ్గరికి పోయినప్పుడు ఎవరి ఇంట్లో ఎవరు చుట్టం అవుతారు? ఈ వారం తేల్చుకోవలసిన ప్రశ్న అది. ఇందుకోసం అచ్చంపేట నుంచి అమెరికాలోని నాష్‌విల్ దాకా ఒకసారి పోయి రావాలి. ఎందుకంటే ఒక పేరుమోసిన రాక్ బ్యాండు తన గిటార్లు పక్కన పెట్టి పల్లె పాటల ఆల్బం చేసిన ఊరు అది.

ముందు కిన్నెరను దగ్గర పెట్టుకుని చూద్దాం. ఒక వెదురు బొంగు. దాని కింద ఎండబెట్టి తొలిచిన బుర్రలు. మొత్తం నాదం వాటి కడుపులోంచే వస్తుంది. బొంగు మీద వరుసగా మెట్లు, వాటిని నిలబెట్టడానికి తేనె మైనం. మేకు లేదు, మర లేదు. మైనం మెత్తబడితే మెట్టు కదులుతుంది, కదిలితే స్వరం జారుతుంది. అందుకే కిన్నెర వాయించేవాడు సగం వాద్యగాడు, సగం వడ్రంగి. పైన సింగారానికి పూసలు, అద్దాలు, నెమలి ఈకలు. మామూలు కిన్నెరకు ఏడు మెట్లే. మొగులయ్య చేతిలోనిది పన్నెండు మెట్లది.

దీన్ని ‘పామర వాద్యం’ అని పక్కన పెట్టేవాళ్లు ఒకసారి శాస్త్ర గ్రంథాలు తిరగేస్తే మంచిది. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో శార్ఙ్గదేవుడు రాసిన ‘సంగీత రత్నాకరం’లో కిన్నరీ వీణ ఉంది. రెండు బుర్రలది లఘ్వి, మూడు బుర్రలది బృహతి అని రకాలు కూడా చెప్పాడు. దాని మెట్లు గద్ద ఎముకలతో చేసి మైనంతో అతికించేవారట. అదే శతాబ్దపు పాల్కురికి సోమనాథుడి ‘బసవ పురాణం’లో కిన్నర బ్రహ్మయ్య అనే శివభక్తుడు ఉన్నాడు. ఆయన ఇంటి పేరే ఆయన వాద్యం. అంటే ఏడెనిమిది వందల ఏళ్ల కింద కొలువులోనూ గుడిలోనూ మోగిన వాద్యం ఇది. తర్వాత కొలువు వీణను ఉంచుకుంది, కిన్నెరను బయటికి పంపింది. బయట దాన్ని చేతుల్లోకి తీసుకున్నవాళ్లలో ముఖ్యులు డక్కలివాళ్లు. మాదిగలకు ఆశ్రిత కులం. జాంబ పురాణం అనే కులగాథ చెప్పి, మాదిగల దగ్గర మాత్రమే త్యాగం (కానుక) అడిగే హక్కున్నవాళ్లు. ఊరి బయటి వాడకు కూడా బయట ఉండాల్సి వచ్చినవాళ్లు. శాస్త్రం వదిలేసిన వాద్యాన్ని, ఊరు వదిలేసిన మనుషులు ఇన్ని వందల ఏళ్లు బతికించారు. ఇందులో నాకేమీ వింత కనిపించదు. మన వాద్యాల చరిత్రలో సగం ఇలాగే ఉంటుంది.

మరి ఆ కిన్నెర మీద పాడేదేమిటి? పురాణాలు ఉన్నాయి. కానీ పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) జనం కూర్చోబెట్టి పాడించుకున్నది బందిపోట్ల కథలు. పండుగ సాయన్న కథ, మియాసాబు కథ. సాయన్న 19వ శతాబ్దపు మనిషి. దొరల, షావుకార్ల ఇళ్లు దోచి పేదింటి ఆడపిల్లల పెళ్లిళ్లు చేశాడని కథ. ఇందులో చరిత్ర పాలెంత, ప్రేమ పాలెంత అని విడదీయడం కష్టం. విడదీయాల్సిన పని కూడా అన్నిసార్లూ లేదు. అప్పటి పాలమూరు లెక్క చూస్తే చాలు. పైన నిజాం సర్కారు, కింద గద్వాల, వనపర్తి, జటప్రోలు వంటి సంస్థానాలు, వాటి కింద పటేలు పట్వారీలు. రైతు పండించిన గింజ ఇన్ని చేతులు దాటాలి. ఇటు దక్షిణాన నల్లమల. మన్ననూరు దాటితే అడవి, అడవి దాటితే కృష్ణ. పన్ను కట్టలేనివాడికీ, కట్టనని ఎదురు తిరిగినవాడికీ అడవి ఒకటే దిక్కు. అటువంటి చోట పోలీసును పొగిడే పాట పుట్టదు. దొంగను పొగిడే పాటే పుడుతుంది.

ఈ మాట గుర్తుంచుకోండి. చివరికి మళ్లీ దీని దగ్గరికే రావాలి.

ఇప్పుడు నాష్‌విల్. 1968 మార్చి.

ద బర్డ్స్ అనే బ్యాండు లాస్ ఏంజెలిస్‌ది. 1965లో బాబ్ డిలన్ పాట ఒకదాన్ని 12 తీగల ఎలక్ట్రిక్ గిటారు మీద వాయించి అమెరికాలో మొదటి స్థానానికి చేరారు. ఆ ఏడాదే బీటిల్స్‌లో జార్జ్ హారిసన్‌కు రవిశంకర్ సితార్ గురించి చెప్పినవాళ్లు కూడా వీళ్లే. 1968 నాటికి బ్యాండు చీలిపోయి ఉంది. డేవిడ్ క్రాస్బీని పంపించేశారు, డ్రమ్మర్ మైకేల్ క్లార్క్ వెళ్లిపోయాడు. మిగిలిన రోజర్ మెగ్విన్ దగ్గర పెద్ద ఆలోచన ఉంది. అమెరికా సంగీత చరిత్ర మొత్తాన్ని, పాత కొండ పాటల నుంచి కొత్తగా వచ్చిన మూగ్ సింథసైజర్ దాకా, రెండు రికార్డుల్లో పెట్టాలని. అప్పుడే 21 ఏళ్ల గ్రామ్ పార్సన్స్ బ్యాండులో చేరాడు. జార్జియా రాష్ట్రంలో పెరిగిన దక్షిణాది కుర్రాడు. అతను, చిన్నప్పుడు మాండలిన్ మీద పల్లె పాటలు వాయించి వచ్చిన క్రిస్ హిల్‌మన్ కలిసి మెగ్విన్‌ను ఒప్పించారు. చరిత్ర అంతా వద్దు, కంట్రీ సంగీతం ఒక్కటే చేద్దామన్నారు.

ఆ రోజుల్లో ఈ నిర్ణయం ఎంత విడ్డూరమో ఇప్పుడు ఊహించడం కష్టం. వియత్నాం యుద్ధం నడుస్తోంది. పొడుగు జుట్టు కుర్రాళ్లు యుద్ధం వద్దంటున్నారు. కంట్రీ పాట వినే దక్షిణాది పల్లెలు ఆ కుర్రాళ్లను దేశద్రోహులుగా చూస్తున్నాయి. రాక్ వినే కుర్రాళ్లకు కంట్రీ అంటే మోటు, ఛాందసం. ఒకరి ముఖం ఒకరు చూడని రెండు గుంపుల మధ్య నిలబడి వీళ్లు పాట కట్టబోయారు.

నాష్‌విల్ స్టూడియోలో జరిగిన ఒక చిన్న సంగతి ఈ వ్యాసానికి ఆయువుపట్టు. కంట్రీ సంగీతంలో ఏడుపు గొంతులా సాగే పెడల్ స్టీల్ గిటారు వాయించడానికి లాయిడ్ గ్రీన్‌ను పిలిచారు. ఆ ఊళ్లో ఆయన ఉద్దండుడు. మొదటి పాట మొదలవుతుంటే ఎప్పటిలాగే అడిగాడట, నేనెక్కడ వాయించాలి అని. స్టీల్ గిటారును పల్లవి చివర, చరణం మధ్య, కొలిచినట్టు వాడుకోవడం అక్కడి అలవాటు. మొదటి నుంచి చివరి దాకా అన్నిచోట్లా వాయించమని బ్యాండువాళ్లు చెప్పారు. ఆయన అలాగే వాయించాడు. ఆ పాటే ఆల్బంలో మొదటిది. ఈ రోజుకీ వింటే స్టీల్ గిటారు పాటను నడిపిస్తున్నట్టే ఉంటుంది, అలంకరిస్తున్నట్టు ఉండదు. రాక్ బ్యాండు పల్లె వాద్యగాడిని తెచ్చుకుని తన పాటకు అద్దలేదు. ఆయన వాయిద్యం దారికే తాము వచ్చారు. మెగ్విన్ తనకు పేరు తెచ్చిన 12 తీగల గిటారును దాదాపు పెట్టెలోనే ఉంచేశాడు. (అక్కడ 12 తీగలు, ఇక్కడ 12 మెట్లు. ఇది వట్టి కాకతాళీయం, దీని మీద సిద్ధాంతాలేమీ కట్టబోను.) ఇంకో సంగతి, నాష్‌విల్‌లో వాద్యగాళ్లకు యూనియన్ ఉంది. సెషన్ అంటే మూడు గంటలు. దానికి రేటు ముందే ఖరారు. దయా దాక్షిణ్యాల లెక్క కాదు.

స్టూడియోలో దక్కిన మర్యాద వేదిక మీద దక్కలేదు. మార్చి 15 రాత్రి, గ్రాండ్ ఓల్ ఆప్రీ. 1925 నుంచి రేడియోలో నడుస్తున్న కార్యక్రమం, కంట్రీ పాటకు తిరుమల కొండ లాంటిది. అప్పట్లో అది రైమన్ ఆడిటోరియంలో జరిగేది. పాత చర్చి భవనం, కూర్చునేది చర్చి బల్లల మీదే. రికార్డు కంపెనీ కొలంబియా తంటాలు పడి బర్డ్స్‌కు అక్కడ చోటిప్పించింది. జుట్టు కొంచెం కత్తిరించుకునే వచ్చారు కుర్రాళ్లు. అయినా జనం ఈలలు వేశారు, పిట్టల్లా కూశారు, జుట్టు కత్తిరించుకోండని అరిచారు. మొదటి పాట మెర్ల్ హాగర్డ్‌ది. జైలు నేపథ్యం ఉన్న ఆ గాయకుడు కంట్రీ జనానికి దేవుడు కాబట్టి కాస్త సద్దుమణిగారు. రెండోదీ హాగర్డ్ పాటే అని మైకులో ప్రకటించారు. పార్సన్స్ మైకు ముందుకొచ్చి, మా అవ్వ వింటూ ఉంటుంది, ఆమె కోసం వేరే పాట పాడతానని తన సొంత పాట ‘హికరీ విండ్’ ఎత్తుకున్నాడు. ఆప్రీలో చెప్పిన పాట మార్చడం అంటే పెద్ద తప్పు. కార్యక్రమం నడిపిస్తున్నవాళ్లు మండిపడ్డారు. బర్డ్స్‌ను మళ్లీ ఆ గడప తొక్కనివ్వలేదు.

‘స్వీట్‌హార్ట్ ఆఫ్ ద రోడియో’ అనే ఆ ఆల్బం 1968 ఆగస్టు 30న విడుదలైంది. అప్పటికే పార్సన్స్ బ్యాండులో లేడు. జాతి వివక్ష రాజ్యమేలుతున్న దక్షిణాఫ్రికాకు కచేరీలకు రానని జూలైలో లండన్‌లోనే ఆగిపోయాడు. నిజంగా ఆ కారణమేనా అని తోటివాళ్లకే అనుమానం, అది వేరే కథ. అంతకుముందే పాత కంపెనీతో అతనికున్న ఒప్పందం గొడవగా మారి, అతను పాడిన కొన్ని పాటలను మెగ్విన్ గొంతుతో మళ్లీ రికార్డు చేయాల్సి వచ్చింది. ఆల్బం అమెరికా పట్టికలో 77వ స్థానం దాటలేదు. బర్డ్స్ రికార్డుల్లో అప్పటికి అంత తక్కువ అమ్ముడైనది లేదు. రాక్ అభిమానులు కొనలేదు, కంట్రీ అభిమానులు నమ్మలేదు. ఇప్పుడేమో కంట్రీ రాక్ అనే మొత్తం ప్రవాహానికి మూలాల్లో ఒకటిగా ఆ రికార్డునే చెబుతారు. ఈగల్స్ వంటి బ్యాండ్లు కోట్లు సంపాదించిన దారి అది. పార్సన్స్ అదేమీ చూడలేదు. 1973లో 26 ఏళ్లకే పోయాడు.

ఆ ఆల్బంలో ఒక పాట దగ్గర నేను ఆగిపోతాను. ‘ప్రెటీ బాయ్ ఫ్లాయిడ్’. జానపద గాయకుడు ఊడీ గత్రీ 1939లో కట్టిన పాట. ఫ్లాయిడ్ ఓక్లహామాలో బ్యాంకులు దోచిన బందిపోటు. 1934లో పోలీసులు ఒహాయోలో తరిమి కాల్చి చంపారు. ఆర్థిక మాంద్యం రోజులవి. అప్పు తీర్చలేని రైతుల భూములు బ్యాంకులు లాక్కుంటున్నాయి. ఫ్లాయిడ్ పేదల అప్పులు తీర్చాడని, ఆకలిగొన్నవాళ్లకు అన్నం పంపాడని జనం చెప్పుకున్నారు. గత్రీ పాటలో ఆ దొంగ గొప్పవాడు, కలంతో దోచే షావుకారు చెడ్డవాడు. పాలమూరు మనిషికి ఈ పాట భాష తెలియకపోయినా కథ మాత్రం వెంటనే తెలిసిపోతుంది. పేరు మార్చితే సాయన్నే.

బర్డ్స్ ఆ పాటను మెత్తబరచలేదు. జాన్ హార్ట్‌ఫర్డ్ బాంజో పెట్టి, డ్రమ్ముల మోత లేకుండా, కథను కథలాగే పాడారు. 1968లో, పోలీసుల చేతిలో కుర్రాళ్లు దెబ్బలు తింటున్న ఏడాదిలో, బందిపోటును బందిపోటుగానే ఉంచారు.

నాష్‌విల్‌ను మరీ ఎత్తి కూర్చోబెట్టడం కూడా తప్పే. ఆ బాంజో సంగతే చూడండి. తెల్లవాళ్ల పల్లె పాటకు గుర్తుగా నిలిచిన ఆ వాద్యం ఆఫ్రికా నుంచి బానిసలుగా తరలించిన నల్లవాళ్లది. తొలి బాంజోలు బుర్రతో చేసినవే, ఎండిన బుర్ర మీద తోలు బిగించి, కర్రకు తీగలు కట్టి. మన కిన్నెరకు అది దూరపు చుట్టం. 19వ శతాబ్దంలో తెల్లవాళ్లు మొహానికి మసి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరిస్తూ ఆడిన ఆటల్లో అది తెల్లచేతుల్లోకి మారింది. మరో వందేళ్లకు అసలు ఎవరిదో చాలామంది మరిచిపోయారు.

మరిచిపోయింది వాద్యాన్నే కాదు. ఆప్రీ తొలి రోజుల్లో అక్కడ జనం మెచ్చిన కళాకారుల్లో డిఫోర్డ్ బెయిలీ ఒకడు. హార్మోనికా మీద రైలుబండి పరుగును వినిపించే నల్లజాతి మనిషి. ఊళ్లలో కచేరీలకు వెళ్తే తోటి తెల్లవాళ్లు దిగిన హోటల్లో అతనికి గది దొరికేది కాదు. 1941లో రేడియో స్టేషన్ అతన్ని తీసేసింది. ఆ తర్వాత అదే నాష్‌విల్‌లో బూట్లు పాలిష్ చేసే కొట్టు పెట్టుకుని బతికాడు. కంట్రీ సంగీత ప్రముఖుల మందిరంలో అతని పేరు 2005లో చేర్చారు. అప్పటికి అతను పోయి 23 ఏళ్లు.

మళ్లీ మన పాట దగ్గరికి వద్దాం. తెలుగులో ‘రాక్ బ్యాండు చేసిన పల్లె ఆల్బం’ అని వేలు పెట్టి చూపించే రికార్డు కోసం వెతికితే పెద్దగా చేతికి చిక్కదు. కారణం మన బజారు. ఇక్కడ పాట అంటే సినిమా పాట. బ్యాండు ఎంత బాగా వాయించినా చివరికి సినిమా గడపే తొక్కాలి. హైదరాబాద్ బ్యాండు చౌరస్తా కథే అందుకు సాక్ష్యం. జానపద బాణీలకు రెగె లయ కలిపి, ఊరు విడిచొచ్చినవాడి బాధలను పట్నం కుర్రాళ్లతో పాడించిన బ్యాండు అది. అందులో పాడిన రామ్ మిరియాల తర్వాత సినిమాకు వచ్చాడు. ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాట పాడిన నలుగురిలో ఆయన ఒకరు. మిగతావాళ్లు శ్రీకృష్ణ, పృథ్వీ చంద్ర, తమన్. తమన్ స్వయంగా డ్రమ్మర్. 2003లో శంకర్ తీసిన ‘బాయ్స్’లో డ్రమ్ములు వాయించే కుర్రాడి వేషం కూడా వేశాడు. కాబట్టి ఒకవైపు బ్యాండు గాయకుడు, డ్రమ్ముల మనిషి, మరోవైపు నల్లమల అంచు కిన్నెర. నాష్‌విల్‌కు మన దగ్గర దగ్గరి పోలిక ఏదైనా ఉంటే ఇదే.

పోలిక అక్కడితో ఆగుతుంది. లాయిడ్ గ్రీన్‌ను అన్నిచోట్లా వాయించమన్నారు. కిన్నెరకు పాట గుమ్మంలో చోటిచ్చారు. వంశం చెప్పడం అయ్యాక కోరస్, దరువు, హోరు. పాట ఊపు అదిరింది, కాదనను. ఆ ఊపులో కిన్నెర ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇందులో తమన్ తప్పు పట్టడానికి ఏమీ లేదు. హీరో పుట్టినరోజుకు వచ్చే పాటకు ఒక కొలత ఉంటుంది, ఆయన ఆ కొలతకే కుట్టాడు. పైగా ఆ గొంతును మార్చకుండా, నున్నగా చేయకుండా అలాగే ఉంచాడు. అది చిన్న విషయం కాదు.

అసలు చిక్కు మాటల్లో ఉంది. పాట రాసింది రామజోగయ్య శాస్త్రి. కథగాడు వీరుడిని జనం ముందు నిలబెట్టే పద్ధతి ఆయన బాగా పట్టుకున్నాడు. ముందు ఊరు, గుట్ట, చెట్టు, ఆ తర్వాత తాత తండ్రుల పేర్లు, అప్పుడు గానీ మనిషి రాడు. సాయన్న కథలో సాయన్న నిలబడే చోటది. అక్కడ ఇప్పుడు నిలబడింది భీమ్లా నాయక్. ఆయనెవరు? సబ్ ఇన్‌స్పెక్టర్. పోలీసులకు దొరక్కుండా నల్లమలకు పోయినవాళ్ల కథలు మోసిన కిన్నెర, సినిమాలోకి అడుగు పెట్టిన మొదటి రోజునే పోలీసు వంశావళి పాడింది. నాష్‌విల్ కుర్రాళ్లు దొంగను దొంగగా ఉంచారు. మనం దొంగ కుర్చీలో ఠాణేదారును కూర్చోబెట్టాం. సినిమాలో భీమ్లా మంచివాడే కావచ్చు, పై అధికారులకు ఎదురు తిరిగేవాడే కావచ్చు. అయినా కిన్నెరకు ఇది కొత్త ఉద్యోగం.

ఆ సినిమాకు మూలం 2020 నాటి మలయాళ చిత్రం ‘అయ్యప్పనుమ్ కోషియుమ్’. అందులోనూ టైటిల్ పాట ఒక అడవి గొంతుదే. అట్టప్పాడి ఇరుళ జాతి గాయని నంజియమ్మ తన భాషలో తన సొంత పాట పాడింది. 2022లో ఆమెకు జాతీయ ఉత్తమ గాయని అవార్డు వచ్చింది. సంగీతం నేర్చుకోని మనిషికి ఇస్తారా అని కొందరు ముఖం చిట్లించారు, చాలామంది వాళ్లకు గట్టిగానే జవాబు చెప్పారు. తేడా చూడండి. అక్కడ పాట ఆమెది. ఇక్కడ గొంతు మొగులయ్యది, మాట వేరేవాళ్లది.

తర్వాత జరిగినవి పత్రికల్లో వచ్చినవే. పవన్ కల్యాణ్ రెండు లక్షల రూపాయలు ఇచ్చారు. బస్సు మీద పాట కట్టి పాడినందుకు ఆర్టీసీ ఉచిత ప్రయాణ పాసు ఇచ్చింది. ఊరూరా తిరిగే కళాకారుడికి అంతకంటే పనికొచ్చే సన్మానం లేదని నా నమ్మకం. 2022 జనవరిలో పద్మశ్రీ ప్రకటించారు. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ఇస్తామంది. 2024 మే నెలలో మాత్రం హైదరాబాద్ శివారు తుర్కయంజాల్ దగ్గర కట్టుబడి పనిలో మొగులయ్య కూలీగా కనిపించారు. ఫొటోలు అన్ని పత్రికల్లోనూ వచ్చాయి. నెలకు వచ్చే పది వేల గౌరవ వేతనం ఆగిపోయిందని, వచ్చిన డబ్బు పిల్లల పెళ్లిళ్లకూ స్థలానికీ ఖర్చయిందని ఆయన చెప్పారు. దేశమంతా ‘పాలమూరు లేబర్’ అని పేరుపడ్డ జిల్లాల్లో ఒక మనిషి కూలికి పోవడం వార్త కాదు. మెడలో పద్మశ్రీ ఉంది కాబట్టి వార్త అయింది. అదే 2024లో నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్పకు బుర్ర వీణకు గాను పద్మశ్రీ వచ్చింది. రెండేళ్ల తేడాతో పాత పాలమూరు నుంచి రెండు బుర్ర వాద్యాలకు రెండు పతకాలు. నాష్‌విల్ మూడు గంటల రేటు లాంటిది మాత్రం ఇక్కడి కిన్నెరకు ఇప్పటికీ లేదు. ఇస్తే లక్షలు, లేకపోతే సున్న. మధ్యలో జీతం అనేది లేదు.

సినిమాకు ముందు ఈ వాద్యాలను పట్టించుకున్నవాళ్లున్నారు. ఆచార్య జయధీర్ తిరుమలరావు, పాలమూరు విశ్వవిద్యాలయం ఆచార్యురాలు గూడూరు మనోజ ఊళ్లు తిరిగి ఆదివాసీ, జానపద వాద్యాలు సేకరించారు. ‘మూలధ్వని’ పేరుతో వాటిని జనం ముందు పెట్టారు. మొగులయ్య పేరు పట్నానికి తెలియడంలో ఆ పని పాలు చాలా ఉంది. తమన్ పాట విన్న కోట్ల మందిలో ఈ పేర్లు తెలిసినవాళ్లు ఎందరుంటారో చెప్పనక్కర్లేదు.

నా తీర్పు ఇది. ‘భీమ్లా నాయక్’ పాట కిన్నెరకు పేరు తెచ్చింది, కథ తేలేదు. సాయన్న కథ రాత్రి మొదలుపెడితే గంటల తరబడి నడుస్తుంది. జనం విన్నది ఒక పల్లవి ముందు మాట. ఏ చౌరస్తా బ్యాండో, మరే కుర్ర బ్యాండో కిన్నెర ముందు కూర్చుని, మేం ఎక్కడ వాయించాలి అని తాము అడిగే రోజు వస్తే, అప్పుడు మన పల్లె ఆల్బం అవుతుంది. అందులో మొదటి పాట సాయన్నదే కావాలి, మాట మారకుండా.

అప్పటిదాకా చేయగల పని ఒకటుంది. 1980లు, 90ల్లో టేప్ రికార్డర్లు పల్లెకు వచ్చినప్పుడు అచ్చంపేట, లింగాల, బల్మూరు, ఉప్పునుంతల, అమ్రాబాద్ వైపు చాలామంది జాతరల్లో, పెద్దల దినాల్లో కిన్నెర కథలు, డక్కలి కథలు క్యాసెట్లకు ఎక్కించుకున్నారు. ఆ క్యాసెట్లు ఇప్పుడు అటకల మీద, బియ్యం డబ్బాల వెనక పడి ఉంటాయి. టేపుకు బూజు పడితే, అయస్కాంతపు పూత రాలిపోతే మళ్లీ రాదు. మీ ఇంట్లో అలాంటిది ఉంటే పారేయకండి, ఊరికే ప్లేయర్లో పెట్టి తిప్పకండి కూడా, పాత టేపు తెగిపోతుంది. దగ్గరి కాలేజీ తెలుగు శాఖకో, విశ్వవిద్యాలయానికో అప్పగించి డిజిటల్ ప్రతి చేయించండి. పాడినవాళ్ల పేరు, ఊరు, ఏ సందర్భంలో పాడారో ఒక కాగితం మీద రాసి దానికి జత చేయండి.

వచ్చే భాగంలో దామరగిద్ద బుర్ర వీణ.